బండి నిండేదాకా కూర్చునే క్వాంబోకా

క్వాంబోకా ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే "ట్రాన్స్‌పోర్టులో ఉన్నాను" అంటుంది. అబద్ధం కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె మటాటు మినీబస్సుల్లో కూర్చుంటోంది. కూర్చోవడమే పని. ఖాళీ బండి ఎక్కితే అది నిండేదాకా గంటసేపు లోపల ఉడకాలని నైరోబీలో పసిపిల్లలకి కూడా తెలుసు. అందుకని బండివాళ్ళు ముందే నలుగురైదుగురిని డబ్బులిచ్చి కూర్చోబెడతారు. వాళ్ళని చూసి, అమ్మయ్య, ఇదిక బయల్దేరుతుందని జనం ఎక్కుతారు. నిజం మనిషి ఒకడు ఎక్కగానే కూర్చునే మనిషి ఒకరు దిగిపోతారు.

పనితనమంతా ఆ దిగడంలోనే ఉంది. కొత్తవాళ్ళు దొంగల్లా జారుకుంటారు, జనం పసిగట్టేసి డ్రైవర్ని బూతులు తిడతారు. క్వాంబోకా అలా కాదు. ఆఖరి మనిషి మెట్టు మీద కాలు పెట్టగానే సంచీలో చెయ్యి పెట్టి వెతుక్కుని, "అయ్యో, బ్రెడ్డు మర్చిపోయాను!" అంటుంది. ఎంత దిగులుగా అంటుందంటే, ఒకసారి ఒక ముసలాయన తను కొన్న బ్రెడ్డులో సగం ఇవ్వబోయాడు. దిగి, నేరుగా నా దగ్గరికి వస్తుంది. టీ తాగి ఇంకో బండి ఎక్కుతుంది.

నేను వాంజాని. బళ్ళ స్టేజీ మూలన బొగ్గుల కుంపటి, రెండు ఫ్లాస్కులు, నూనెలో వేయించిన మందాజీ బన్నుల బుట్ట, అదే నా దుకాణం. ఆమె నన్ను అక్కా అంటుంది కాబట్టి ఆమెని తిట్టే హక్కు నాకుంది. దాన్ని ఊరికే పోనివ్వను.

రోంగాయ్, కిటెంగెలా బళ్ళు మా స్టేజీవి. రుయిరు బళ్ళు నాలుగు వీధుల అవతల. సిటీ బయటికి రోజూ ఇళ్ళకి పోయే జనం ఈ రెండు చోట్లా చీమల్లా వరసలు కడతారు. క్వాంబోకా పొద్దున ఇక్కడ, సాయంత్రం అక్కడ. పక్క సీటువాళ్ళు పలకరిస్తే తనూ ఆ ఊరి మనిషే అన్నట్టు మాట్లాడుతుంది. కిటెంగెలా బండిలో ఉంటే కిటెంగెలాలో ఇల్లుంది. రోంగాయ్ బండిలో ఉంటే రోంగాయ్‌లో కోళ్ళు కూడా ఉన్నాయి. ఇంతా చేసి, ఈ మూడు ఊళ్ళలో ఒక్కదానిలో కూడా ఆమె ఏనాడూ అడుగు పెట్టలేదు. ఉండేది నది పక్కన ఒక్క గదిలో, కూతురు కెరుబోతో. మొగుడు మొంబాసా వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. అతని సంగతి ఇంతకంటే ఎక్కువ చెప్పను, నోరు పాడవుతుంది.

సెప్టెంబరులో వాళ్ళ బిల్డింగు గోడ మీద ఎర్ర రంగుతో సర్కారువాళ్ళు పెద్ద అడ్డగీత పెట్టి వెళ్ళారు. నది ఒడ్డున ఉన్నవన్నీ కొట్టేస్తారు, అక్టోబరు ఆఖరికల్లా ఖాళీ చెయ్యాలి. నవంబరు మొదటి వారంలో కెరుబోకి స్కూలు ఆఖరి పరీక్షలు. పన్నెండేళ్ళ చదువు ఆ మూడు వారాల్లో తేలుతుంది. స్కూలు సిటీ నడిబొడ్డున, మా స్టేజీల నుంచి పావుగంట నడక. హెడ్‌మిస్ట్రెస్ అమ్మల్నందర్నీ పిలిచి ముందే చెప్పేసింది. "ఏడున్నరకి గేటు మూసేస్తాను. వాన పడింది, బండి దొరకలేదు అంటే వినను. నవంబర్లో వాన పడుతుందని మీకూ తెలుసు."

నది ఒడ్డు జనమంతా ఒక్కసారిగా గదుల కోసం ఎగబడేసరికి సిటీలో అద్దెలు ఆమెకి అందకుండా పోయాయి. ఇక మిగిలింది బయటి ఊళ్ళే. ఎక్కడ కుదిరినా ముందు అడ్వాన్సు కట్టాలి, అది ఒక్కసారి కట్టడానికే ఆమె దగ్గరుంది. తప్పు ఊరు ఎంచుకుంటే రెండో అవకాశం లేదు. పిల్ల గేటు బయట నిలబడిపోతుంది.

అప్పటినుంచి ఆమెకి తిండి దిగలేదు, నిద్ర పట్టలేదు. నా ముందు మందాజీ పట్టుకుని తుంపుతూ కూర్చునేది, ఒక్క ముక్క నోట్లోకి పోయేది కాదు.

"వాంజక్కా, నువ్వైతే ఎక్కడికి పోతావు?"

"నేను పోను. నా బిల్డింగుకి గీత పెట్టలేదు."

"నీకు హృదయం లేదక్కా."

"ఉంది, కానీ నీ మందాజీకి డబ్బులు కూడా నేనే పెట్టుకుంటున్నాను. తిను ముందు."

అందర్నీ అడిగింది. మా స్టేజీలో కేకలేసే ముగోని అడిగింది. వాడు ఇరవయ్యేళ్ళుగా "కిటెంగెలా, కిటెంగెలా, రెండు సీట్లే, రెండే" అని అరిచి గొంతు రంపంలా అయిపోయిన మనిషి.

"అక్కా, కిటెంగెలాకి పో. గాలి మంచిది. ఒక్క గది అద్దెకి రెండు గదులిస్తారు. కళ్ళు మూసి తెరిచేలోగా సిటీలో ఉంటావు."

"నువ్వెప్పుడైనా వెళ్ళావా?"

"నేనెందుకెళ్తాను? నేను బండి పంపిస్తాను, బండిలో వెళ్ళను."

ఒకరోజు రోంగాయ్ బండిలో కూర్చుని ఉండగా పక్కన ఒక నర్సమ్మ కూర్చుంది. క్వాంబోకా ధైర్యం చేసి అడిగింది. "అమ్మా, రోంగాయ్‌లో ఎన్నింటికి బయల్దేరితే పొద్దున ఏడుకల్లా ఇక్కడుంటాం?"

ఆ అమ్మాయి విడ్డూరంగా చూసింది. "నన్నడుగుతారేంటి ఆంటీ? మీరు రోజూ ఈ బండిలోనే ఉంటారుగా. నలభై నిమిషాలే, భయపడకండి అని పోయిన నెల మీరే చెప్పారు. మీ మాట నమ్మే నేనక్కడ ఇల్లు తీసుకున్నాను. రెండు గంటలు పడుతోంది!"

క్వాంబోకా బ్రెడ్డు సంగతి కూడా ఎత్తకుండా దిగి వచ్చేసింది. ముఖం నల్లబడిపోయింది. "నా అబద్ధం నా ముందే పెట్టింది అక్కా. ఇన్నేళ్ళలో ఎంతమందికి చెప్పానో."

నాకు జాలేసింది. కానీ జాలి చూపిస్తే కుప్పకూలేలా ఉంది. అందుకని, "రోంగాయ్ కొట్టేశాంగా, ఒక ఊరు తగ్గింది" అన్నాను.

అక్టోబరు మూడో ఆదివారం చర్చి అవగానే ఇద్దరం కిటెంగెలా వెళ్ళాం. ఆదివారం వద్దే, రోడ్డు సంగతి తెలియాలంటే సోమవారం పొద్దున వెళ్ళాలి అని మొత్తుకున్నాను. వినలేదు. సోమవారం పని మానేస్తే ఆమె సీట్లో ఇంకొకరు కూర్చుంటారు. రోడ్డు ఖాళీగా ఉంది, అరగంటలో దింపేశాడు. క్వాంబోకా నా వైపు గెలిచినట్టు చూసింది. ఆదివారం రోడ్డుని చూసి ఊరిని నమ్మేవాళ్ళు నైరోబీలో తప్ప ఇంకెక్కడా ఉండరు.

ఇళ్ళు చూపించేవాడి పేరు ఒలూచ్. సూటు, మెరిసే బూట్లు. "ఇంక రెండే మిగిలాయమ్మా. మధ్యాహ్నం ఒక టీచరమ్మ వస్తానంది" అన్నాడు. నాలుగంతస్తుల కొత్త బిల్డింగు. కిటికీలన్నిటికీ పరదాలు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. కింద కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్ళు పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బాలు నింపుకుంటున్నారు. కుళాయిలోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. కిటెంగెలాలో నీళ్ళకి ఎంత ఏడుపో ఇన్నేళ్ళుగా ప్రయాణికుల నోట విన్నదే. ఆ ధార చూడగానే క్వాంబోకా ముఖం విప్పారింది. నెల రోజుల తర్వాత ఆ ముఖంలో నెత్తురు చూశాను.

"రోజూ వస్తాయా నీళ్ళు?"

"చూస్తున్నారుగా! స్టేజీకి పది నిమిషాలు. ఆరుకి ఎక్కితే మీ పాప ఏడుకి స్కూల్లో."

పైకెళ్ళి గది చూశాం. రెండు గదులు, కిటికీలోంచి వెలుతురు. "కెరుబో ఇక్కడ కూర్చుని చదువుకుంటుంది" అని మూల చూపించింది. కిందికి దిగి సంచీ విప్పింది. లోపల రుమాలులో చుట్టిన అడ్వాన్సు. ఒలూచ్ జేబులోంచి రసీదు పుస్తకం తీశాడు.

అప్పుడు కుళాయి దగ్గర ఒక ఆడమనిషి డబ్బా కింద పెట్టి, గౌను జేబులు తడుముకుని, పెద్దగా, దిగులుగా అంది. "అయ్యో, బ్రెడ్డు మర్చిపోయాను!"

అని మా వైపు చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.

క్వాంబోకా చెయ్యి సంచీలోనే ఆగిపోయింది. ఆ మనిషి నఫూలా. నిరుడు దాకా మా స్టేజీలో క్వాంబోకా పక్క సీట్లో కూర్చున్నది. ఆ మాట, ఆ తడుముకోవడం క్వాంబోకా నేర్పినవే. నేను అప్పుడు మిగతా ముగ్గురినీ పరీక్షగా చూశాను. నింపిన డబ్బాలు మెట్ల దాకా మోసుకెళ్ళి, అక్కడే కుమ్మరించి, మళ్ళీ లైన్లోకి వస్తున్నారు. మెట్ల కింద కాలవ కట్టింది.

"ఏంటమ్మా, ఆలోచిస్తున్నారు? టీచరమ్మ వచ్చేస్తుంది."

"ఆవిడకే ఇచ్చెయ్యి నాయనా" అని క్వాంబోకా సంచీ మూసేసింది. వాడి ముందు నిబ్బరంగానే అంది. గేటు దాటాక నా భుజం గట్టిగా పట్టుకుంది.

రోడ్డు మలుపులో నఫూలా మా కోసమే నిలబడి ఉంది. "తిట్టకక్కా. ఆదివారాలు ఇక్కడ నీళ్ళు మోస్తాను, అంతే. ఆ నీళ్ళు ట్యాంకరువి, సాయంత్రానికి అయిపోతాయి. పై మూడంతస్తుల్లో ఎవరూ లేరు, పరదాలు మాత్రమే ఉన్నాయి. వాన పడితే ఈ నల్లమట్టిలో మోటార్ సైకిలు కూడా కదలదు, స్టేజీ దాకా చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. వచ్చింది నువ్వని తెలిశాక నోరు మూసుకుని ఎలా ఉండను?"

"నువ్వెక్కడుంటున్నావే?"

"రుయిరులో. మంచిదని చెప్పను. నీళ్ళు వారానికి రెండు రోజులు. వెనక పందుల కొట్టం, వాసన. వాన పడిన రోజు బండివాళ్ళు చార్జీ రెట్టింపు చేస్తారు. నాలుగున్నరకి లేవకపోతే పని పోయినట్టే. నా పక్క గది ఖాళీగానే ఉంది."

తిరుగు బండిలో క్వాంబోకా సంచీలో రుమాలు మూట తడిమి చూసుకుంది. తర్వాత మెల్లిగా అంది. "అక్కా, నఫూలా ఇప్పుడు రుయిరు ఇంటాయన కోసం కూర్చుంటోందేమో?"

ఆమె భయం నాకర్థమైంది. జనాన్ని నమ్మించడమే బతుకైనవాళ్ళకి ఎవర్ని నమ్మాలో తెలియదు. "నీళ్ళు లేవు, పందులున్నాయి అని చెప్పి ఇల్లు అంటగట్టేవాళ్ళని ఎప్పుడైనా చూశావా? నువ్వెప్పుడైనా బండిలో కూర్చుని టైర్లు అరిగిపోయాయని చెప్పావా?" అన్నాను.

"చెప్పలేదు."

"మరి?"

ఆమె రుయిరు గది తీసుకుంది. తీసుకుని కూడా స్థిమితపడలేదు. అక్టోబరు ఆఖర్లో సామాను చేరేశాక మూడు రోజులు వరసగా తెల్లవారుజామున కెరుబోని లేపి బండెక్కించి, గేటు దాకా వచ్చి, గడియారం చూసి నాకు చెప్పేది. ఒకరోజు ఏడుంపావు. ఒకరోజు ఆరూ యాభై. వాన పడిన రోజు ఏడూ ఇరవై అయిదు. ఆ రోజు నా దగ్గర కూర్చుని ఏడ్చింది. కెరుబో మాత్రం నిబ్బరంగా మందాజీ తింటూ, "అమ్మా, పరీక్ష నాది, కడుపునొప్పి నీది" అంది. ఆ పిల్ల నోరు తల్లిది కాదు, నా దగ్గర నేర్చుకున్నది.

పరీక్ష మొదటి రోజు తెల్లవారుజామున నాలుగింటి నుంచి కుండపోత. నేను కుంపటి మీద గొడుగు పట్టుకుని టీ కాస్తున్నాను. ఆరు కావస్తుండగా ఫోను మోగింది.

"వాంజక్కా! నేను దిగిపోయాను!"

"ఎక్కడ దిగావు?"

"బండి దిగిపోయాను! కెరుబో బండిలో వెళ్ళిపోయింది!"

ఏడుపులో ముక్కలు ముక్కలుగా చెప్పింది. అయిదింటికే రుయిరు స్టేజీకి వచ్చారు. ఒక్క బండే నిలబడి ఉంది. ఎక్కారు. కెరుబో కిటికీ పక్కన, ఈమె తలుపు దగ్గర. వానకి జనం ఇళ్ళలోంచి ఆలస్యంగా వస్తున్నారు, బండి నిండలేదు. అయిదూ పది, అయిదూ ఇరవై. ఒక్క సీటు మిగిలింది. డ్రైవరు ఆ ఒక్క సీటూ నిండందే కదలనంటాడు. ఈమె దేవుడికి మొక్కుకుంటూ, తలుపు వైపే చూస్తూ కూర్చుంది. అయిదూ నలభైకి ఒకాయన తడుస్తూ పరుగెత్తుకొచ్చి మెట్టు మీద కాలు పెట్టాడు. కండక్టరు, ఇక పోనియ్యమని బండి వెనక ఒక్క చరుపు చరిచాడు.

ఆ చప్పుడికి ఈమె కాళ్ళు వాటంతట అవే లేచాయి. చెయ్యి సంచీలోకి పోయింది. "అయ్యో, బ్రెడ్డు మర్చిపోయాను" అంటూ దిగేసింది. కాళ్ళ కింద నీళ్ళు చల్లగా తగిలాక తెలివొచ్చింది. అప్పటికి బండి మెయిన్ రోడ్డు ఎక్కేసింది.

"దాని దగ్గర చార్జీ లేదక్కా! డబ్బులన్నీ నా సంచీలో ఉన్నాయి. ఫోను లేదు. వాన చార్జీ అడుగుతారు, లేదంటే దారిలో దింపేస్తారు. ఇవాళే, ఇవాళే చేశాను ఈ పని!"

నన్నేం తిట్టమంటారు? జీవితంలో మొదటిసారి నాకు తిట్టు నోటికి రాలేదు. వానలో, చీకట్లో, హైవే పక్కన పిల్లని దింపేస్తే ఇంకేముంది? "ఏ బండి?" అని మాత్రం అడిగాను.

"వెనకాల పులి బొమ్మ."

ముగోని కేకేశాను. నైరోబీలో ఉన్న కండక్టర్ల నంబర్లన్నీ వాడి ఫోనులో ఉంటాయి. ఒకడికి చేసి, వాడి ద్వారా ఇంకొకడికి చేసి, నాలుగో ఫోనుకి పులి బొమ్మ కండక్టరు దొరికాడు. ఇంజను మోత, వాన మోత. ముగో తన రంపపు గొంతుతో అరిచాడు. "కిటికీ పక్కన స్కూలు పిల్ల, పచ్చ స్వెట్టరు. చార్జీ నేనిస్తాను, దింపకు!"

అటువైపు వాడు కూడా అరిచాడు. నాక్కూడా వినబడింది. "పిచ్చోడా! క్వాంబోకా కూతురి దగ్గర నేను చార్జీ తీసుకుంటానా? నేను చేరిన మొదటి రోజు నా బండి నింపింది ఎవరనుకున్నావు? పిల్లని ముందు సీట్లో కూర్చోబెట్టాను. ముందున్న బళ్ళన్నిటినీ దాటుకుంటూ వస్తున్నాం, ఫోను పెట్టెయ్!"

కుంపటి ముగోకి అప్పగించి గొడుగు తీసుకుని రుయిరు స్టేజీకి పరుగెత్తాను. నా మోకాళ్ళకి పరుగంటే ఏమిటో మర్చిపోయి పదేళ్ళయింది. ఏడూ అయిదుకి పులి బొమ్మ వచ్చింది. కెరుబో దిగింది. తల్లి కోసం చూసి, నన్ను చూసి, "పెద్దమ్మా, అమ్మ బ్రెడ్డు కోసం వెళ్ళింది" అంది. నవ్వాలని చూసింది కానీ నవ్వు రాలేదు. చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. ఏడూ ఇరవైకి గేటు లోపలికి తోశాను. పది నిమిషాలు అక్కడే నిలబడి గేటు మూసేదాకా చూశాను, పిల్ల మళ్ళీ బయటికి వస్తుందేమోనన్నంత భయంగా.

నేనింకా గేటు దగ్గరే ఉండగా క్వాంబోకా ఎనిమిదింటికి వచ్చింది, ఒళ్ళంతా తడిసి ముద్దై. గేటు కడ్డీలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడింది. పిల్ల లోపలుందని నేను మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ మళ్ళీ అడిగింది. "అబద్ధం చెప్పట్లేదు కదక్కా?"

ఫలితాలు ఇంకా రాలేదు. అందుకని వాటి గురించి ఏమీ చెప్పను. ఆ మూడు వారాలూ పిల్ల ఒక్కరోజు కూడా గేటు బయట నిలబడలేదు. క్వాంబోకా ఇప్పటికీ అదే పని చేస్తోంది. రోంగాయ్ ఎంత దూరమని ఎవరైనా అడిగితే మాత్రం "రెండు గంటలు" అంటుంది. ఇద్దరు డ్రైవర్లు ఆమెని పిలవడం మానేశారు. రాత్రికి తన ఊరి బండి ఎక్కినప్పుడు తలుపు దగ్గర కూర్చోదు. అన్నిటికంటే వెనక, కిటికీ పక్కన కూర్చుంటుంది. బయటికి రావాలంటే ముగ్గురిని లేపాలి. బండి నిండి, కండక్టరు వెనక చరిచినప్పుడు, ముందు సీటు కడ్డీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంటుంది.